బందరంత దూరం

లిస్బన్‌లో ఒక సెమిస్టరు చదివి ఇంటికొచ్చిన ఆ రోహిణీ కార్తెలో నాకు నిద్ర ఎక్కడ తెగి మెలకువ ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదు. గుడివాడలో మిట్టమధ్యాహ్నం కూలరు ముందు చాప మీద వాలితే కళ్ళలో పసుపురంగు ట్రాములు మెరక ఎక్కేవి. వాటి గంటల మధ్యలోంచి మా ఆనందత్త గొంతు వినిపించేది, లేమ్మా, మజ్జిగ తాగు, అని. కళ్ళు తెరిస్తే అత్త గ్లాసుతో ఎదురుగా నిలబడి ఉండేది. రెంటిలో ఏది కలో తేల్చుకునే ఆ కాసేపూ ఆమెని ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసేదాన్ని. సన్నటి మనిషి. చెవుల దగ్గర నెరుస్తున్న జుట్టు. ఎప్పుడూ తడిగా ఉండే చేతులు.

ఇంట్లో మేం నలుగురం. తాతయ్య నతానియేలు, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. నాన్న శామ్యూల్ రాజ్ కరెంటాఫీసులో పనిచేస్తాడు. నాన్న చెల్లెలు ఆనందమ్మ, మా అత్త. నాకు ఊహ తెలియక ముందే అమ్మ జబ్బు చేసి పోయింది. అప్పుడు బందరులో నర్సుగా ఉన్న అత్త వచ్చి నన్ను ఎత్తుకుంది. ఇంకా దించలేదని నాన్న నవ్వుతూ అనేవాడు.

లిస్బన్‌కి నాతో వచ్చింది మా క్లాసు అమ్మాయిలే, హిమబిందు, నవ్యశ్రీ. హిమబిందు పామర్రు నాగభూషణరావు గారి అమ్మాయి. వాళ్ళకి పొలాలూ చెరువులూ ఉన్నాయి. విజయవాడ కాలేజీలో మూడేళ్ళు ఒకే క్లాసులో ఉండి కూడా నవ్వి పక్కకి తప్పుకోవడం తప్ప ఎరగని మేం, అక్కడ ఒక్క వంటగదిలో ఒక్క గిన్నెలో అన్నం వండుకున్నాం. సెలవు దొరికితే చాలు, వీపులకి సంచులు తగిలించుకుని సముద్రం ఒడ్డునున్న ఊళ్ళన్నీ తిరిగాం. ఏ ఊళ్ళో బస్సు దిగినా ముందు ఉప్పుగాలి వచ్చి పలకరించేది. తిరిగొచ్చిన వారానికి హిమబిందు ఫోను చేసి, మన సముద్రాన్ని నేను కారు అద్దంలోంచి తప్ప చూడలేదే దీవెనా, అంది. కాలేజీ తెరవడానికి ఇంకా టైముంది. బందరులో మొదలుపెట్టి, ఒడ్డు వదలకుండా, పాండిచ్చేరి దాకా వెళ్దామనుకున్నాం.

నన్ను లిస్బన్ పంపడానికి మా ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. పాస్టరు గారు ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. చర్చిలో శాలువా కప్పారు. అదే బాపట్ల, నెల్లూరు, పాండిచ్చేరి అనేసరికి నాన్న మొహం ముడుచుకుపోయింది. అక్కడంటే యూనివర్సిటీ ఉంది, ఇక్కడేముంది తిరగడానికి, అన్నాడు. చివరికి తాతయ్య మధ్యేమార్గం చెప్పాడు. బందరు, దివిసీమ వరకు అత్త మాతో రావాలి, నీళ్ళ దగ్గర పెద్దదిక్కు ఉండాలి. అవనిగడ్డలో మమ్మల్ని రేపల్లె బస్సెక్కించి అత్త వెనక్కి వచ్చేయాలి. అక్కణ్ణించి చీరాలలో నవ్యశ్రీ బాబాయి చూసుకుంటాడు. తర్వాత మా ఇష్టం.

అత్తని ఎవరూ అడగలేదు. ఆమె అప్పటికే లేచి వెళ్ళి అటక మీది నా పాత కాలేజీ సంచీ దించి దుమ్ము దులుపుతోంది.

*

పొద్దున్నే ప్యాసింజరు ఎక్కాం. గుడ్లవల్లేరు, కవుతరం, పెడన. కోసేసిన మినుప చేలు ఎండకి నెర్రెలిచ్చి ఉన్నాయి. కాలవల్లో ఇంకా నీళ్ళు వదల్లేదు. అత్త కిటికీ దగ్గర కూర్చుంది. ఇంట్లో రోజంతా ఏదో ఒకటి చెప్పే మనిషి, పెడన దాకా ఒక్క మాట మాట్లాడలేదు. బందరులో ఆటో ఎక్కాక మాత్రం డ్రైవరుకి తనే దారి చెప్పింది. ఒక వీధిలో పాత ఆసుపత్రి గోడ పక్కన, కాస్త నెమ్మదిగా పోనివ్వు బాబూ, అంది. గోడ అయిపోయాక, ఇక పోనీ, అంది.

మంగినపూడిలో నీళ్ళు నల్లగా, నిబ్బరంగా ఉన్నాయి. చాలా దూరం నడిచినా మోకాలు దాటని సముద్రం. కాళ్ళ కింద మెత్తటి బురద. మేం ముగ్గురం చేతులు పట్టుకుని కేరింతలు కొడుతూ వెళ్తుంటే అత్త చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని మమ్మల్ని దాటి ముందుకు పోయింది. నడుము లోతు వచ్చింది. నేను భయపడి పిలిచాను. ఆమె వెనక్కి తిరిగి, పట్టుకోకు, అంది. మరుక్షణం నీళ్ళ మీద వెల్లకిలా పడుకుంది.

మంచం మీద పడుకున్నంత తేలిగ్గా పడుకుంది. ముడి ఊడిపోయి జుట్టు చుట్టూ పరుచుకుంది. అల వస్తే లేచింది, అల పోతే దిగింది. కళ్ళు మూసుకునే ఉంది. ఆకాశం తెల్లగా కాలుతోంది. ఆమె మొహం మీద మాత్రం మంచు కురుస్తున్నట్టు ఉంది. మేం అరవడం మానేశాం. ఎంతసేపో నాకు తెలీదు. నిద్రలో ఉన్న మనిషి పక్కన అడుగు చప్పుడు కాకుండా నిలబడ్డట్టు ఆమె చుట్టూ నిలబడ్డాం.

ఒడ్డుకొచ్చి జుట్టు పిండుకుంటూ, నర్సింగు చదివేటప్పుడు ఆదివారాలు వచ్చేవాళ్ళం, అంది. అంతే. తాటిముంజలు కొనిపెట్టింది. వేలితో ఒక్కోదాని నీళ్ళు కారకుండా తీసి ముందు హిమబిందు చేతిలో పెట్టింది.

కోడూరులో తాతయ్య పాత శిష్యుడి ఇంట్లో డాబా మీద పడుకున్నాం. మూడో రోజు తెల్లవారుతుండగా ఆటోలో పాలకాయతిప్ప వెళ్ళి, హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసే చోటు దాకా ఇసకలో నడిచాం. అక్కడ నదికి ఒడ్డు లేదు, సముద్రానికీ లేదు. మట్టిరంగు నీళ్ళు వచ్చి వచ్చి ఒక చోట బూడిదరంగులోకి తిరిగిపోతున్నాయి. ఏ గీత దగ్గర అది జరుగుతోందో ఎంత చూసినా దొరకలేదు. దూరంగా ఒక పడవ కదులుతోందో ఆగిందో తెలియకుండా ఉంది.

అప్పటికి హిమబిందు ఆంటీ అనడం మానేసి అత్తా అనడం మొదలుపెట్టింది. ఆ పిల్లకి అడగాలనిపించింది అడగడమే తెలుసు.

"అత్తా, మీరు ఉద్యోగం ఎందుకు మానేశారు?"

అత్త ఇసకలో అరచెయ్యి ఆనించి కూర్చుని ఉంది.

"మానేశానని నేనెప్పుడూ అనుకోలేదమ్మా. వదిన పోయిందని కబురొస్తే వారం సెలవు పెట్టి వచ్చాను."

తన గొంతులో బాధ లేదు. జ్ఞాపకం చేసుకుని చెబుతున్నట్టు ఉందంతే. హిమబిందు నా వైపు చూసింది. నేను నీళ్ళ వైపు చూశాను. ఆ వారం అప్పటికి నా వయసంత పెరిగింది.

అవనిగడ్డ బస్టాండులో రేపల్లె బస్సు ఇంకా రాలేదు. గుడివాడ బస్సే ముందొచ్చింది. కండక్టరు దిగి అరుగు మీద టీ తాగుతున్నాడు. అత్త సంచీ నేను తీసుకెళ్ళి కిటికీ సీటు మీద పెట్టి వచ్చాను. ఆమె బెంచీ మీద కూర్చుని సోడా తాగుతోంది. డ్రైవరు హారను కొట్టాడు. అత్తా, బస్సు, అన్నాను. సోడా అయిపోనీ, అంది. కండక్టరు రైట్ చెప్పాడు. నేను పరుగెత్తికెళ్ళి, కదులుతున్న బస్సు కిటికీలోంచి సంచీ లాక్కున్నాను. బస్సు దుమ్ము రేపుకుంటూ మలుపు తిరిగింది. అత్త ఖాళీ సీసా కొట్లో ఇచ్చేసి వచ్చి, నా చేతిలోంచి సంచీ తీసుకుని భుజానికి తగిలించుకుంది.

నాన్నకి చెయ్యకుండా తాతయ్యకే ఫోను చేసింది. "నాన్నా, పిల్లలతో నేనూ వెళ్తున్నాను. ఫ్రిజ్‌లో పిండి ఉంది" అంది. అవతల తాతయ్య ఏమన్నాడో నాకు వినపడలేదు. అత్త, ఊఁ, ఊఁ, అని పెట్టేసింది.

*

తర్వాతి రోజులు నాకు వరసలో గుర్తులేవు. పులిగడ్డ వంతెన మీద గాలికి బస్సు ఊగినట్టు అనిపించడం గుర్తుంది. సూర్యలంకలో సరుగుడు తోపు నీడన పట్టపగలు నలుగురం నిద్రపోయి, లేచేసరికి ఒళ్ళంతా సన్నటి ఇసక పట్టి ఉండడం గుర్తుంది. చీరాలలో నవ్యశ్రీ పిన్ని అత్తని చూసి, మీ అమ్మగారా, అని నన్నడిగితే మేమిద్దరం ఒకేసారి అవునన్నాం. నెల్లూరు రైల్లో అత్త నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఎప్పుడూ ఆమె ఒళ్ళో నేను నిద్రపోవడమే గానీ నా మీద ఆమె నిద్రపోవడం అదే మొదలు. భుజం తిమ్మిరెక్కినా కదల్లేదు. మెడ్రాసులో ఎండకి రోడ్లు నీళ్ళలా మెరిసేవి. నాన్న రోజూ ఫోను చేసి, పప్పులో ఉప్పెంత, కుక్కరుకి ఎన్ని కూతలు, అని అడిగేవాడు. మొదట్లో అత్త ఓపిగ్గా చెప్పింది. తర్వాత ఫోను నాకు ఇచ్చేసేది. మెల్లమెల్లగా ఆయన అడగడం మానేశాడు.

పాండిచ్చేరిలో ఒక పాత మేడ పైన గది తీసుకున్నాం. అత్త రోజూ మాకంటే ముందు లేచి ఒక్కతే నడకకి వెళ్ళేది. ఒక రోజు వెళ్ళిన మనిషి ఎండ ఎక్కినా రాలేదు. ఫోను గదిలోనే ఉంది. మేం తలో దిక్కుకి పోయి వెతికాం. బీచి రోడ్డంతా తిరిగి నేను ఏడుపు మొహంతో మలుపులో నిలబడి ఉంటే, ఎదురుగా అరటిపళ్ళు పట్టుకుని తాపీగా వస్తోంది.

పెద్దాసుపత్రికి వెళ్ళిందట. ఎవరికీ ఏమీ కాలేదు. ఓపీ హాల్లో బెంచీ మీద కూర్చుందట.

"ఊరికే చూశాను. మిషన్లన్నీ మారిపోయాయి దీవెనా. నాడి పట్టుకోవడం మాత్రం అలాగే ఉంది."

నాకు కోపమొచ్చింది. చెప్పి వెళ్ళొచ్చు కదా అన్నాను. ఆమె నా వైపు విచిత్రంగా చూసి, ఎవరికి, అంది. వెక్కిరింత కాదు. నిజంగానే అడిగింది. ఆ సాయంత్రం హిమబిందు ఫోనులో ఇద్దరూ తలలు ఆనించి కూర్చుని నర్సు రిజిస్ట్రేషను మళ్ళీ ఎలా చేయించుకోవాలో చదివారు. నేను కిటికీలోంచి సముద్రం చూస్తూ వినీవిననట్టు ఉన్నాను.

*

మేం తిరిగొచ్చేసరికి కాలవలకి నీళ్ళొదిలారు. పామర్రు దాటాక దారి పొడుగునా నారుమళ్ళు చిలకపచ్చగా ఉన్నాయి. అత్త ఇంట్లో అడుగుపెట్టగానే వంటగదిలోకి వెళ్ళి, నాన్న మాడ్చిన గిన్నెలు నానబెట్టింది. అంతా ఎప్పటిలాగే సర్దుకుందని తాతయ్యా నాన్నా అనుకున్నారు. నేనూ అనుకున్నాను. చెప్పొద్దూ, నాకు హాయిగానే అనిపించింది.

ఒక వాన రోజు పొద్దున అత్త ప్యాసింజరుకి బందరు వెళ్ళి సాయంత్రానికి వచ్చింది. భోజనాల దగ్గర, అందరికీ వడ్డించాక, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పని దొరికిందని చెప్పింది. షిఫ్టులుంటాయి కాబట్టి అక్కడే ఒక గది తీసుకుంటుందట. ఒకటో తారీకు నుంచి.

నాన్న అన్నం కలపడం ఆపేశాడు. "నిన్ను ఉద్యోగం చెయ్యమని ఎవరడిగారు ఆనందం?"

"ఎవరూ అడగలేదన్నయ్యా. నేనే వెళ్ళి అడిగాను."

ఆ తర్వాత నాన్న చాలాసేపు మాట్లాడాడు. నడివయసులో ఈ పంతమేంటని, సంఘంలో ఏమనుకుంటారని, ఇరవయ్యేళ్ళ పిల్లల కింద పనిచేస్తావా అని. అత్త అన్నిటికీ తల ఊపుతూ వింది. తాతయ్య చెయ్యి కడుక్కొచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"నా ప్రాణం ఉన్నంతవరకైనా ఆగలేవా అమ్మా?" అన్నాడు.

అత్త వెళ్ళి ఆయన ముందు నేల మీద కూర్చుంది.

"మీరు నూరేళ్ళు ఉండాలి నాన్నా. అప్పటికి నాకు డెబ్బై వస్తాయి."

బయట వాన చూరు మీంచి ధారలుగా పడుతోంది. తాతయ్య జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషి. ఆ లెక్క విని లేచి తన గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి అత్తతో మాట్లాడడం మానేశాడు.

నువ్వు చెబితే వింటుందని నాన్న నన్ను పంపాడు. నేను వెళ్ళాను. అత్త మంచం మీద చీరలు మడతపెడుతోంది. వద్దని చెప్పాలనే వెళ్ళాను. చిన్నపిల్లలా కాళ్ళకి చుట్టుకుని ఉండిపొమ్మని అడగాలనిపించింది. నేను సముద్రాలు దాటి వెళ్తుంటే ఈమె విమానాశ్రయంలో నవ్వుతూ చెయ్యి ఊపింది. ఇంటికొచ్చాక ఏం చేసిందో నేనెప్పుడూ అడగలేదు. చీర రెండో అంచు పట్టుకున్నాను. ఇద్దరం ఎదురెదురుగా నిలబడి మడిచాం. మడత మడతకీ దగ్గరికొచ్చి, చివరికి ఆమె చేతుల్లో పెట్టాను. ఆమె నా బుగ్గ మీద చెయ్యేసి, బందరేగా, అంది.

బందరే. రైలెక్కి ఒక కునుకు తీస్తే వచ్చేస్తుంది. కానీ అత్త వెళ్ళిన పొద్దున మా వీధి చివర ఆటో మలుపు తిరుగుతుంటే, లిస్బన్‌కంటే అదే దూరంగా కనిపించింది.

*

ఇల్లు కొన్నాళ్ళు మగతగా నడిచింది. నేను హాస్టలు మానేసి రోజూ విజయవాడకి రైల్లో తిరగడం మొదలుపెట్టాను. నాన్న పొద్దున అన్నం వండేవాడు, సాయంత్రం కూర నేను చేసేదాన్ని. మొదట్లో ఇద్దరం వంట చేస్తూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయేవాళ్ళం. తర్వాత కబుర్లు చెప్పుకోవడం మొదలైంది. అమ్మ గురించి నాన్న నాతో మాట్లాడింది ఆ వర్షాకాలంలోనే, చేపలు కడుగుతూ. అమ్మ చదువుకునేటప్పుడు సైకిలు తొక్కేదట. ఆ సంగతి అంతకు ముందు నాకు తెలియదు.

అత్త సెలవు దొరికిన ఆదివారం వచ్చేది. తాతయ్య చర్చి నుంచి ఆలస్యంగా వచ్చి, భోంచేసి పడుకునేవాడు. ఆమె వెళ్తున్నానని గుమ్మం దగ్గర చెబితే కళ్ళు మూసుకునే ఉండేవాడు. ఆమె పిలిచి ఇబ్బంది పెట్టేది కాదు. మందుల డబ్బా నింపి వెళ్ళేది.

వరి పొట్టకొచ్చే రోజుల్లో, ఒక శనివారం పొద్దున తాతయ్య ఇస్త్రీ పంచె కట్టుకుని వచ్చి, బందరు వెళ్దాం రా, అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. రైల్లో ఆయన గొడుగు పిడి మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. అటూ ఇటూ చేలు ఒకే పచ్చగా పారుతున్నాయి, మనం ఆగి ఉంటే అవే వెళ్తున్నట్టు.

అత్త గది పరాసుపేటలో, ఒక పెంకుటింటి పక్క వాటా. తలుపు తీసి తండ్రిని చూసి పక్కకి జరిగి దారిచ్చింది. రండి నాన్నా, అంది. ఒక మంచం, ఒక కుర్చీ, కిటికీ దగ్గర స్టవ్వు. గోడకి తెల్ల కోటు వేలాడుతోంది. తాతయ్య కుర్చీలో కూర్చుని గదంతా చూశాడు. అత్త అన్నం పెట్టింది, చారు పోసింది. ఆయన తిన్నాడు. ఇంటికి రమ్మనీ అనలేదు, ఎలా ఉన్నావనీ అనలేదు. భోజనమయ్యాక కిటికీలోంచి గాలి రావడం మొదలైంది. ఉప్పు వాసన వేసే చల్లటి గాలి. కాసేపు నడుం వాలుస్తానని మంచమెక్కి, ఆయన ఇట్టే నిద్రపోయాడు. ఇంట్లో మధ్యాహ్నాలు కళ్ళు మూసుకుని పడుకునే ఆ నిద్ర కాదు. నోరు కొంచెం తెరుచుకుని, చెయ్యి మంచం అంచు మీంచి జారిపోయి, పసిపిల్లాడిలా నిద్రపోయాడు.

అత్త ఆ చెయ్యి ఎత్తి ఆయన గుండెల మీద పెట్టింది. మణికట్టు దగ్గర వేళ్ళు కాస్త ఆపి ఉంచింది. తర్వాత కోటు తీసుకుంది.

"డ్యూటీ ఉందమ్మా. లేచాక టీ పెట్టివ్వు. వెళ్ళేటప్పుడు తాళం కనకదుర్గ గారికి ఇవ్వండి, పక్క వాటా."

లేపనా అన్నాను. వద్దంది. చెప్పులేసుకుని, సందులో వాన నీటి గుంటలు తప్పించుకుంటూ వెళ్ళింది. చివరికి వెళ్ళాక ఎవరో సైకిలు మీద ఎదురొచ్చి నమస్కారం పెడితే ఆగి ఏదో చెప్పి, మలుపు తిరిగింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. మా జీవితంలో మొదటిసారి మేం ఇంట్లో ఉన్నాం, ఆమె పనికెళ్ళింది. ఆ ఇల్లు ఆమెది, మేం చుట్టాలం.

తాతయ్య లేచి, ఆనందం ఏది, అని అడిగాడు. డ్యూటీకి వెళ్ళిందన్నాను. ఆయన టీ తాగాడు. దుప్పటి ముడతలు తనే సరిచేశాడు. తలుపు తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, పక్క వాటా గుమ్మం దగ్గరికి నడిచాడు. బియ్యం ఏరుకుంటున్న పెద్దావిడ తలెత్తి, ఎవరండీ, అని అడిగింది.

తాతయ్య తాళంచెవి ఆమెకి అందించాడు.

"సిస్టరు గారి నాన్ననండి" అన్నాడు.